పీపుల్ ఆఫ్ ది బుక్ (నవల)

ఆస్ట్రేలియాలో పుట్టిన రచయిత్రి జెరాల్డీన్ బ్రూక్స్ ఆంగ్లంలో రాసిన చారిత్రక నవల. 2008లో వెలువడింది. బోస్నియా రాజధాని సరయేవో పేరుతో పిలిచే సరయేవో హగ్గదా అనే యూదుల చేతిరాత గ్రంథం చుట్టూ కథ నడుస్తుంది.

నేపథ్యం: పస్కా పండుగ రాత్రి యూదు కుటుంబాలు భోజనాల వద్ద చదువుకునే పుస్తకం హగ్గదా. బొమ్మలతో అలంకరించిన సరయేవో ప్రతి 14వ శతాబ్దంలో స్పెయిన్‌లో తయారైంది. 1609లో ఇటలీలోని వెనిస్‌లో, చర్చి తరఫున పుస్తకాలు తనిఖీ చేసే ఒక క్రైస్తవ పరిశీలకుడు దీన్ని ఆమోదిస్తూ సంతకం చేశాడు. 1894లో సరయేవో మ్యూజియానికి చేరింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీల చేత చిక్కకుండా దీన్ని దాచి కాపాడినవాడు ముస్లిం పండితుడు దెర్విష్ కోర్కుట్.

ఇతివృత్తం: 1996లో గ్రంథాన్ని బాగుచేయడానికి పాత పుస్తకాల సంరక్షణ నిపుణురాలు హన్నా హీత్ సరయేవోకు వస్తుంది. పుటల మధ్య దొరికిన పురుగు రెక్క, ద్రాక్షసారా మరక, ఉప్పు జాడ, తెల్ల వెంట్రుక ఆధారంగా కథ వెనక్కి, 1480 నాటి స్పెయిన్‌లోని సెవిల్ దాకా సాగుతుంది. అక్కడ బొమ్మలు గీసింది ఒక ముస్లిం యువతి అని తేలుతుంది. ఈ కాలం, ఈ చిత్రకారిణి రెండూ రచయిత్రి కల్పనే. ఈ క్రమంలోనే హన్నాకు తన తండ్రి యూదుడని తెలుస్తుంది. వెనిస్ ఘట్టంలోని పరిశీలకుడికీ తన యూదు పుట్టుక ఎదురవుతుంది.

విశిష్టత: వంశ చరిత్ర రక్తసంబంధంతోనే ముగియదనీ, ఒక మతం వారి వారసత్వాన్ని మరో మతం వారు ప్రాణాలకు తెగించి నిలబెట్టారనీ నవల బలంగా చెబుతుంది. కోర్కుట్ చరిత్రే అందుకు తిరుగులేని సాక్ష్యం.