వేటవిల్లు – గురిసూది

వేటకు వాడు సంప్రదాయపు వింటికి గురిచూచు సాధనమును బిగింపవచ్చునా, కూడదా అను వివాదము పాశ్చాత్య విలుకాండ్రలో చాలకాలముగా నున్నది. వారు సైటు అను ఈ సాధనము సరళరూపమున మిక్కిలి అల్పమైన వస్తువు: పిడికి కొంత ఎగువను వింటిబద్దకు అంటించిన గుండుసూది. సూదితల లక్ష్యముపై ఆనినట్లు కనబడగనే బాణమును విడుతురు. కూడదనువారు విలువిద్య కంటికిని మనస్సునకును చెందినదే గాని కొలతకు చెందినది కాదందురు. ఈ మాట వినగనే మనవారికి ద్రోణుని పరీక్ష స్ఫురించును. ఆ స్ఫురణ మెంతవరకు యుక్తమో విచారించుటయే మా ఉద్దేశము.

ఆదిపర్వకథ సుపరిచితమే. చెట్టుపై నుంచిన కృత్రిమపక్షిని చూపి ద్రోణుడు ప్రశ్నింపగా ధర్మరాజు చెట్టును, పక్షిని, తమ్ములను గూడ చూచుచున్నాననెను. అర్జునునకు పక్షితల తప్ప మఱేమియు కానరాలేదు. మఱియొక ఘట్టమున, దీపమాఱిన చీకటిలో భుజించుచున్న అర్జునుడు చేయి అభ్యాసవశమున నోటికి చేరుటను గమనించి, నాటినుండి రాత్రులందు బాణప్రయోగము నభ్యసించెను.

ఈ రెండవ కథ నెఱిగినవారికి ఆంగ్లపండితుడైన రోజర్ ఆస్కం 1545లో ప్రకటించిన ‘టాక్సోఫిలస్’ అను సంవాదగ్రంథము ఆశ్చర్యము గొల్పును. విలుకాడు లక్ష్యమును విడిచి బాణమును చూచుటచేతనే అది వంకరపోవునని చెప్పి, ఆస్కం అందుకొక విరుగుడును సూచించెను. రాత్రివేళ రెండు దీపములను గురిగా నిలిపి బాణములు వేయవలెను. చీకటిలో బాణము కనబడదు గనుక కన్ను దీపమునే అంటిపెట్టుకొనును. ఒకరి నొకరు ఎఱుగని రెండు సంప్రదాయములు ఒకే ఉపాయమును చేరుట విశేషమే.

ఇంతమాత్రమున ఆస్కమును నిషేధవాదుల పక్షమున జేర్పరాదు. గురికి ఆవలనున్న చెట్టునో గుట్టనో ఆనవాలుగా పెట్టుకొనువారిని గూర్చియు అతడు వ్రాసెను. ఒక నేర్పరి తన అమ్ములపొదిని రెండు గురుల నడుమ సరిగా మధ్యను ఉంచెనట. భద్రతకై యుంచెనని కొందఱనుకొనిరి. తిన్నగా వేయుటకే యుంచెనని ఆస్కం ఊహ. మా దృష్టిలో ఈ అమ్ములపొదియే గురిసూదికి పూర్వరూపము. కాకున్న అది దిక్కును మాత్రమే చూపును, ఎత్తును చూపదు.

ఎత్తును నియమమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు హొరేస్ ఫోర్డ్. చెవివఱకు లాగు పాతపద్ధతిని కాదని, బాణము కంటికి సరిగా దిగువ నుండునట్లు లాగి, దాని మొనను ఒక నిర్ణీతబిందువుపై నిలుపవలెనని 1856 నాటి తన గ్రంథమున బోధించెను. మఱుసటి యేడు చెల్టెన్‌హాం పోటీలో అతడు 1251 అంకములు సాధించెను. ఇట బాణపుమొనయే సూదిపని చేసినది. అయితే ఆ పోటీ దూరములు 100, 80, 60 గజములని ముందే తెలిసినవి.

చిక్కంతయు ఇక్కడనే యున్నది. సెకనుకు 50 మీటర్ల వేగముతో పోవు బాణము, గాలి నిరోధమును విడిచి లెక్కించినచో, 20 మీటర్ల దూరమున సుమారు 78 సెంటీమీటర్లును, 40 మీటర్ల దూరమున 3 మీటర్లకు పైగను క్రిందికి జాఱును. 20 మీటర్లకు సరిచేసిన సూదితో 25 మీటర్లలోని జింకను కొట్టబోయినచో బాణము దాదాపు పావుమీటరు దిగువకు పోవును. జంతువు గుండెకు తగులవలసినది కాలికి తగులును, లేదా తగులదు. సూది అబద్ధమాడదు; దూరమును మనమే తప్పుగా చెప్పితిమి. వేటగాండ్రు సూదిని శంకించుటకు ఇంతకన్న బలమైన కారణము మాకు కానరాదు.

దీనికి నిదర్శనము కాలిఫోర్నియాలోని యాహీజాతివాడైన ఇషీ. 1911లో ఓరోవిల్ పట్టణమున ఒంటరిగా వెలువడిన అతడు 1916లో మరణించువఱకు సాన్‌ఫ్రాన్సిస్కోలోని మ్యూజియమున నివసించెను. అతని స్నేహితుడగు వైద్యుడు సాక్స్‌టన్ పోప్ 1918లో వ్రాసినదాని ప్రకారము, ఇషీ 40 గజములలోని నేల ఉడుతను కొట్టగలవాడు; అదే దూరమున నాలుగడుగుల గురిబల్లను ఒక్కొక్కప్పుడు తప్పువాడు. బల్ల మఱీ పెద్దదనియు, దానిపై రంగువలయములు దృష్టిని చెదరగొట్టుననియు అతని సమాధానము. అర్జునుడు చెప్పినదానికి ఇంత దగ్గఱి వ్యాఖ్య మఱియొకటి మే మెఱుగము.

హాలిస్ అలెన్ 1969లో పేటెంటు పొందిన కప్పీలవిల్లు వ్యాపించిన పిదప గురిసూది దానికి సహజాంగమైనది. కొయ్యవింటిని పట్టుకొని నిలిచినవారు సూది లేకుండుటనే తమ గుర్తుగా చేసికొనిరి. కనుక ఈ ‘సంప్రదాయము’ చాలవఱకు ఇటీవలి నియమమని మా అభిప్రాయము. సూదికి దూరముగా నుండుటకు వేటగానికి కారణ మున్నది. కాని పూర్వులు ఆనవాళ్లను ఎఱుగరనుట చరిత్రకు విరుద్ధము.

ఇక ద్రోణపరీక్షను సాక్ష్యముగా పిలుచుటలో ఒక పొరపాటున్నది. ఆ పక్షి కదలదు. గురువు నిలిపినచోటనే యుండును. శిష్యులు ఒకరి తరువాత ఒకరు వచ్చి దానిపై గురిపెట్టిరి. అది అభ్యాసస్థలము, అడవి కాదు. సూది పనికివచ్చు తావు ఏదైన నున్నచో అట్టిదే. వేటవింటి పక్షమున సాక్షిని వెదకువారు అదే పర్వమున కొంత వెనుకకు పోయి ఏకలవ్యుని చూడవలెను. పాండవుల వేటలో మొఱిగిన కుక్క నోటిలో అతడు ఏడు బాణములు నాటెను. అక్కడ దూరమును నిర్ణయించిన గురువు లేడు. శబ్దమును బట్టి కొట్టిన నేర్పునకే పాండవులు విస్మితులైరని వ్యాసభారతము తెలుపుచున్నది.