గిటార్ లేని బ్యాండ్: జన నాట్య మండలి తారీఖ్‌లో మన జబాన్, మన హిస్సా



ఉర్దూ మీడియంలో చదివినోళ్లకు ‘గద్దార్’ అనే మాట వింటే మనసులో ఒకటే మానీ మెదులుతది: నమ్మకద్రోహి. ‘గదర్’ వేరు. గదర్ అంటే తిరుగుబాటు. 1857ను మన పెద్దలు గదర్ అనే పిలిచిన్రు. 1913లో అమెరికాలో ఉంటున్న హిందుస్తానీలు అంగ్రేజుల మీద పార్టీ పెట్టి, దానికి ‘గదర్’ పేరే పెట్టుకున్నరు. ఆ పార్టీ అఖ్బార్ మొదటి సంచిక అచ్చయింది ఉర్దూలోనే. ఆ పార్టీ యాద్‌లో తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు అనే నౌజవాన్ తన పేరు మార్చుకున్నడు. తెలుగు నోళ్లలో పడి అది ‘గద్దర్’ అయింది. ద్రోహికీ తిరుగుబాటుకూ మధ్య ఉన్న ఆ చిన్న ఫరఖ్ ఉర్దూ తెలిసిన మనకే వెంటనే పట్టుబడుతది. మన జబాన్ ఎక్కడెక్కడికి పోయి ఏమేం పని చేసిందో కూడా మనమే చెప్పాలె.

మన పిల్లలు కొరియా బ్యాండ్ల పేర్లు గడగడా చెప్తరు. ఏ సభ్యుడు ఎప్పుడు చేరిండు, ఏ ఆల్బమ్ ఎప్పుడొచ్చింది, ఎందుకు విడిపోయిన్రు, అన్నీ వాళ్లకు జబానీ యాద్. చెప్పనీయండి. దానితో పాటు మన షహర్‌లో పుట్టిన ఒక బ్యాండ్ కథ కూడా వాళ్లకు తెలవాలె. దానికి గిటార్ లేదు, డ్రమ్‌సెట్ లేదు. గొంగడి ఉంది, గజ్జెలున్నయి, డప్పు ఉంది, డోలక్ ఉంది. పేరు జన నాట్య మండలి. దానికీ పాటలున్నయి, ఊరూరి పర్యటనలున్నయి, అజ్ఞాతం ఉంది, తిరిగి రావడం ఉంది, చీలిపోవడమూ ఉంది.

ఈ కథ ఉస్మానియా క్యాంపస్ దగ్గర మొదలైతది. విఠల్‌రావు ఇంజనీరింగ్ చదువుకని ఉస్మానియాకు వచ్చిండు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి క్యాంపస్సే గుండెకాయ. ఆ పోరగాడు కూడా చదువు పక్కకు పెట్టి అందులో దునికిండు. అప్పుడు ఆయన చేతిలో ఉన్న హునర్ బుర్రకథ.

ఇక్కడ కాసేపు ఆగాలె. బుర్రకథకు ముగ్గురు కావాలె. నడుమ తంబుర పట్టుకున్న కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. వంతల్లో ఒకరు నవ్విస్తరు, ఇంకొకరు రాజకీయం మాట్లాడుతరు. పాట ఆగిన చోట మాట, మాట ఆగిన చోట అడుగు. ఈ పాత కళను ఇరవయ్యో శతాబ్దపు జనం ముందు కొత్తగా నిలబెట్టింది ఎవరు? గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో 1920లో పుట్టిన షేక్ నాజర్. ప్రజానాట్యమండలిలో పనిచేసిండు. ‘పల్నాటి యుద్ధం’ చెప్తుంటే జనం కదలకుండా కూర్చునేవాళ్లట. బుర్రకథ పితామహుడని తెలుగువాళ్లంతా పిలుచుకున్నరు, 1986లో పద్మశ్రీ వచ్చింది. తన జీవితకథకు ఆయన పెట్టుకున్న పేరు ‘పింజారి’. జనం తిట్టులా వాడే మాటను ఆయన ఫక్ర్‌తో అట్ట మీద వేయించుకున్నడు. విఠల్ తరం పోరగాళ్లు బుర్రకథ చెప్పడానికి నిలబడ్డరంటే, నాజర్ సాబ్ చదును చేసి పెట్టిన తొవ్వ మీదనే నిలబడ్డరు.

అల్వాల్‌లో బి.నర్సింగరావు, ఆయన దోస్తులు ‘ఆర్ట్ లవర్స్’ పేరుతో ఒక సంఘం నడిపేవాళ్లు. విఠల్ బుర్రకథ చూసి ఆయన్ను పిలిచిన్రు. ఆ సోహబత్‌లోనే ఆయన పాట దారి మారింది. రిక్షా కార్మికుడి మీద పాట కట్టిండు. ఇంగ్లండ్‌లో బీటిల్స్ 1970లో విడిపోయిన్రు. రెండేళ్లకు, 1972లో, ఇక్కడ జన నాట్య మండలి పుట్టింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చి కలిసిండు. అదే ఏడు ఏప్రిల్ 14న క్యాంపస్‌లో జార్జిరెడ్డిని చంపిన్రు. ఆ ఖూన్ తర్వాత క్యాంపస్‌లో విప్లవ విద్యార్థి రాజకీయాలు వేడెక్కినయి. 1974లో అరుణోదయ అనే మరో సాంస్కృతిక సంస్థ వచ్చింది. ఒక్క షహర్‌లో, రెండేళ్ల తేడాతో, రెండు పాటల దళాలు!

జన నాట్య మండలి పనితనం ఎట్లుండేదో పిల్లలకు చెప్పాలె. ముందు ఒక మనిషి, గోచీ, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర. పక్కన డప్పు, డోలక్, కోరస్ ఎత్తుకునే నాలుగు గొంతులు. బాణీ కొత్తగా కట్టరు. నాట్లేసేటప్పుడు, బతుకమ్మ ఆడేటప్పుడు, పిల్లను జోకొట్టేటప్పుడు ఆడోళ్లు పాడుకునే బాణీనే అడిగి తెచ్చుకుంటరు. అందులో కూలి, భూమి, జుల్మ్ పెడతరు. వినేవాళ్లకు బాణీ ముందే తెలుసు కాబట్టి రెండో చరణానికే వాళ్లూ అందుకుంటరు. మైకు లేకపోయినా నడుస్తది. పాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రేడియో లేకుండానే పోయేది అందుకే.

గద్దర్ 1975లో కెనరా బ్యాంకులో క్లర్క్‌గా చేరిండు, 1984లో ఆ నౌకరీ వదిలేసిండు. నడుమ వచ్చింది ‘మా భూమి’ సినిమా. గౌతమ్ ఘోష్ డైరెక్టర్, నర్సింగరావు నిర్మాతల్లో ఒకరు. 1980లో విడుదలయింది. అందులో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ ఇప్పటికీ పెళ్లిళ్లలో కూడా వినబడుతది. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట అది.

నేను 2000 తర్వాత ఉస్మానియాలో ఎం.ఏ. తెలుగు చదివిన. తార్నాకలో దోస్తులతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ని. గది దొరకడమే ముష్కిల్ అయింది. పేరు అడిగి, ‘ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేసినం’ అన్న ఇంటి ఓనర్లు ఒకరిద్దరు కాదు. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద పాటలు నడిచేవి. పాట ‘బండెనక బండి’ దగ్గరికి వచ్చి, నైజాం సర్కార్‌ను నిలదీసే చోట ఎవరో ఒకడు నవ్వుకుంట నా దిక్కు చూసేవాడు. దోస్తానాలో చేసిన మజాకే అది. అయినా లోపల ఒక ముల్లు. ఆ పాట నాదా, నా మీదనా?

మేం కూర్చున్న మెట్లే ఆ నైజాం కట్టించినయి. 1918లో మొదలైన ఆ యూనివర్సిటీ ఉర్దూలో ఇంజనీరింగ్, వైద్యం కూడా నేర్పింది. ఆర్ట్స్ కాలేజీ బిల్డింగ్ 1939లో తెరిచిన్రు. అటువంటి మెట్ల మీద కూర్చొని నైజాంను తిట్టే పాట తెలుగులో పాడుకుంటున్నం. తారీఖ్ ఇట్లాంటి ఆటలు చాలా ఆడుతది.

ఆ ముల్లుకు జవాబు లైబ్రరీలో దొరికింది. ‘మా భూమి’ సినిమాకు ఆధారం కృషన్ చందర్ రాసిన ‘జబ్ ఖేత్ జాగే’. అది ఉర్దూ నవల. అదే పేరుతో అంతకుముందు 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకం ఉంది. ఆ నాటకానికి ప్రాణం పోసింది షేక్ బందగీ కథ. జనగామ దిక్కు కామారెడ్డిగూడెంలో విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి హక్ కోసం కచేరీల చుట్టూ తిరిగి లడాయి చేసిన గరీబ్ రైతు ఆయన. 1940లో దొర మనుషులు ఆయన్ను చంపిన్రు. అదే పోరాటానికి నాయకుల్లో ఒకరు మఖ్దూం మొహియుద్దీన్, ఉస్మానియాలో చదివిన షాయర్. గద్దర్ పుట్టిన తూప్రాన్, మఖ్దూం పుట్టిన అందోల్, రెండూ పాత మెదక్ జిల్లాలోనివే. రజాకార్ల జుల్మ్ మీద ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో కాచిగూడలో చంపిన్రు. ఆయన నా బిరాదరీ వాడు, అఖ్బార్‌వాలా. తార్నాక నుంచి కాచిగూడ ఎంత దూరం?

అందుకే ఆ పాట మన మీద కట్టింది కాదు. తఖ్త్ మీద కట్టింది, గడీ మీద కట్టింది. గడీలో దొర ఏ మజ్హబ్ వాడైనా జుల్మ్ ఒక్కటే. ఆ జుల్మ్ కింద నలిగినోళ్లలో మనోళ్లున్నరు, ఎదురు తిరిగినోళ్లలో మనోళ్లున్నరు. ఆ పాట మీటింగుల్లో మొదలయ్యే ముందు వినిపించే రెండు నినాదాలు వినండి. ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ నినాదం ఇచ్చింది మౌలానా హస్రత్ మోహానీ. ‘లాల్ సలాం’లో సలాం ఎక్కడిదో నేను చెప్పనక్కర్లేదు.

ఇక బ్యాండ్ సఫర్‌కు వద్దాం. 1985 జులైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. ఆ తర్వాత గద్దర్ అజ్ఞాతంలోకి పోయిండు. మనిషి లేడు, క్యాసెట్ ఉంది. పాట చేతులు మారింది. 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో పాడిండు. జనం సముద్రం లెక్క వచ్చిన్రు. ఆ సడలింపు ఎక్కువ కాలం నిలవలేదు. 1992లో పీపుల్స్ వార్ మీద నిషేధం పెట్టిన్రు. 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి గద్దర్ మీద కాల్పులు జరిపిన్రు. ఒక గోలీ చివరి దాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలంటే ఇంకో మాట కూడా చెప్పాలె. జన నాట్య మండలి ఒక సాయుధ పార్టీ వెంట నడిచింది. ఆ బందూకుల రాజకీయంలో రెండు దిక్కులా ఎందరో తల్లుల కడుపులు కాలినయి. పార్టీ బలం వల్ల పాట ఊరూరికీ పోయింది. పార్టీ మీద నిర్బంధం రాగానే పాట గొంతు కూడా పట్టుకున్నరు. పాటగాళ్లు చెదిరిపోయిన్రు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నరు. చివరికి గద్దర్‌కూ పార్టీకీ దూరం పెరిగి, తెగిపోయింది. 2018లో ఆయన జిందగీలో మొదటిసారి ఓటేసిండు. కొందరికి అది ఓటమి అనిపించింది. నాకైతే ఒక బుజుర్గ్ తన తొవ్వను తిరిగి లెక్క చూసుకున్నట్టు అనిపించింది.

మండలి చెదిరినా తరీఖా పోలేదు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం దాన్నే అందుకుంది. గజ్జె, గొంగడి, డప్పు, జనం బాణీ, అవే. ఈసారి పాట ఏ ఒక్క పార్టీదీ కాదు, రాష్ట్రం కోరిన అందరిదీ. 2009 డిసెంబర్‌లో నేను రిపోర్టర్‌గా క్యాంపస్‌లో తిరుగుతున్న. తార్నాక దిక్కు ముళ్లకంచెలు, ఎన్‌సీసీ గేట్ దగ్గర పోలీసులు, కళ్లల్లో టియర్ గ్యాస్ మంట. లోపల ఆర్ట్స్ కాలేజీ ముందు డప్పు ఆగలేదు. టోపీ పెట్టుకున్న పోరగాళ్లు కోరస్ అందుకోవడం నా కళ్లతో చూసిన. ఈసారి ఎవరూ ఎవరి దిక్కూ అదోలా చూడలేదు.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయిండు. మరునాడు అల్వాల్‌లో ఆయన అంతిమయాత్ర. ఆ ఇసుకేస్తే రాలని జనంలో నడుస్తూ ‘సియాసత్’ ఉర్దూ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీ ఖాన్ సాబ్ కుప్పకూలిన్రు. గుండెపోటు. దోస్త్‌ను సాగనంపడానికి పోయినాయన అక్కడే ఇంతెకాల్ అయిన్రు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఒక తెలుగు పాటగాడి చివరి నడకలో ఒక ఉర్దూ అఖ్బార్ ఎడిటర్ ప్రాణం పోయింది. హైదరాబాద్ గురించి వెయ్యి పేజీలు రాసినా ఇంతకన్న ఎక్కువ చెప్పలేం.

1995లో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’ పాటకు నంది అవార్డ్ ఇస్తే గద్దర్ వద్దన్నడు. 2025లో అదే సర్కారీ సినిమా అవార్డులు ఆయన పేరు మీదనే ఇచ్చిన్రు. సర్కార్ ఆయన పేరు తీసుకుంది. ఆ పేరులోని గదర్ ఎక్కడిదో చెప్పే బాధ్యత మాత్రం మన మీదే ఉంది.

మ్యూజిక్ గురించి మన ఇండ్లల్లో బహస్ ఉంటదని నాకు తెలుసు. ఆ మస్‌అలా ఉలమాకు వదిలేస్తున్న. దఫ్ విషయంలో మాత్రం వాళ్లు కూడా గుంజాయిష్ ఇచ్చిన్రు. పాట వినాలా వద్దా అన్నది మీ ఇంటి మాట. తారీఖ్ మాత్రం వినాలె. రేపు కాలేజీలో ఎవరైనా మన బిడ్డను ‘ఈ పాట మీ మీదనే’ అని మజాక్ చేస్తే, ఆ బిడ్డ తల దించుకోకుండా మూడు పేర్లు చెప్పగలగాలె: షేక్ నాజర్, షేక్ బందగీ, షోయబుల్లా ఖాన్. ఈ రాత్రి దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నప్పుడు ఆ మూడు పేర్లు ఒకసారి పిల్లల చెవిన వేయండి.

ఖుదా హాఫిజ్.