నకాబ్ వెనక నిజాం కాలేజీ కుర్రాడు

మాటల్లేని సినిమాల జమానాలో అమెరికా వాళ్ళు ఒక కథను తెగ అరగదీశారు. ఒక కాలేజీ, ఒక ఆటల మైదానం, ఒక పిల్ల, ఆ పిల్ల కోసం ఆటలు రాకపోయినా బరిలోకి దిగే అమాయకపు కుర్రాడు. 1925లో హెరాల్డ్ లాయిడ్ ‘ది ఫ్రెష్‌మన్’ ఈ మసాలాతోనే ఖజానా నింపుకుంది. 1927లో బస్టర్ కీటన్ ‘కాలేజ్’ వచ్చింది. నాకు రెండోదే ఇష్టం.

అందులో హీరో, మన ఇళ్ళలో కితాబీ కీడా అంటామే, ఆ రకం. బడి వీడ్కోలు జల్సాలో ఆటలను తిట్టిపోస్తూ లంబీ తఖ్రీర్ ఇస్తాడు. మనసుపడ్డ పిల్ల అది విని మొహం తిప్పేసుకుంటుంది. ఇక చూడండి తమాషా! ఆమె వెనకే కాలేజీలో చేరి బేస్‌బాల్, పరుగు, హర్డిల్స్, ఏది ముట్టుకున్నా నవ్వులపాలే. చివర్లో రఖీబ్ ఆ పిల్లను గదిలో నిర్బంధిస్తాడు. అప్పుడు మైదానంలో రాని ఆటలన్నీ మొహబ్బత్‌లో వచ్చేస్తాయి. పరుగెత్తి, పొదలు దూకి, పొడుగాటి కర్ర పట్టుకుని పోల్‌వాల్ట్‌తో ఏకంగా ఆమె కిటికీలోకి!

ఆ చివరి గెంతు కీటన్‌ది కాదు. ఎంత ఖతర్నాక్ పనైనా సొంతంగా చేసే మనిషే, కానీ పోల్‌వాల్ట్‌కి వేరే ఉస్తాద్ కావాల్సి వచ్చింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన లీ బార్న్స్‌ని పిలిపించి గెంతించారు. (అదే ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ సయ్యద్ మొహమ్మద్ హాదీ ఇండియా తరఫున టెన్నిస్ ఆడారు. ఏడు ఆటలు వచ్చని రెయిన్‌బో హాదీ అనేవాళ్ళు. రంజీ ట్రోఫీ తొలి సెంచరీ కూడా ఆయనదే. ఆయన మీద విడిగా రాయాలి.)

హీరో ఒకరు, గెంతింది ఇంకొకరు. సరిగ్గా రెండేళ్ళకు బొంబాయిలో ఇదే జరిగింది. అక్కడ గెంతినవాడు మనవాడు.

పైడి జైరాజ్. అసలు పేరు పైడిపాటి జైరుల నాయుడు. 1909లో కరీంనగర్‌లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, సినిమా షౌఖ్‌తో 1929లో బొంబాయి రైలెక్కాడు. పిల్లాడి కద్దు కాఠీ చూసి ‘జగ్‌మగాతీ జవానీ’ అనే ఖామోష్ ఫిల్మ్‌లో ఓ చిన్న వేషం ఇచ్చారు. హీరో మాధవ్ కాలే. ఆయనకు గుర్రపు స్వారీ, కత్తి సాము రావు. కథలో హీరోకి నకాబ్ ఉంది కాబట్టి బతికిపోయారు. నకాబ్ జైరాజ్‌కి తొడిగి ఆ పనులన్నీ అతనితో చేయించారు. తర్వాతి రోజుల్లో జైరాజ్ స్వయంగా చెప్పుకున్న ముచ్చట ఇది. కొద్దిరోజులకే ‘రసీలీ రాణి’లో నకాబ్ లేకుండా హీరో అయ్యాడు.

ఒక్కసారి ఆలోచించండి. తెలుగింటి కుర్రాణ్ణి ఆ రోజుల్లో మీ మాదరీ జబాన్ ఏమిటని బొంబాయిలో ఎవరూ అడగలేదు. అడిగే అవసరమే లేదు. మాటలు తెర మీద అక్షరాలుగా వచ్చేవి, ఒకే కార్డు మీద రెండు మూడు భాషల్లో. చదువురాని వాళ్ళకు హాల్లో ఒకడు గట్టిగా చదివి వినిపించేవాడు. కావలసింది జిస్మ్, కళ్ళు, గుర్రం మీద కూర్చోగల నడుము.

1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ విడుదలైంది, ఆ హిసాబ్ మొత్తం తిరగబడింది. ఆ సినిమా హీరో మాస్టర్ విఠల్ ఖామోష్ జమానాలో గొప్ప స్టంట్ బహదూర్. ఉర్దూ తలఫ్ఫుజ్ మాత్రం తిరగలేదు. అందుకని పాత్రను చాలావరకు మత్తులో ఉన్నట్టు మార్చేశారు! సులోచనగా వెలిగిన రూబీ మైయర్స్ ఓ ఏడాది పక్కకు జరిగి హిందుస్తానీ నేర్చుకుని వచ్చింది. జైరాజ్‌కి ఆ ఇమ్తెహాన్ రాలేదు. 1932లో ‘శికారీ’తో టాకీల్లోకి నడిచి వచ్చాడు. హైదరాబాద్ గల్లీలు, నిజాం కాలేజీ వరండాలు అతనికి ముందే ఉర్దూ నేర్పి పంపాయి.

1938లో బాంబే టాకీస్ వారి ‘భాభీ’లో ఆయన పక్కన నటించింది రేణుకాదేవి. అసలు పేరు ఖుర్షీద్. అలీగఢ్‌లో ఆడపిల్లల తాలీమ్‌కి కాలేజీ పెట్టిన షేక్ అబ్దుల్లా కూతురు. నిజాం కాలేజీ కుర్రాడు, అలీగఢ్ కాలేజీ పెట్టినాయన బిడ్డ, ఒకే తెర మీద! 1945లో జైరాజ్ ‘ప్రతిమ’ సినిమాకి దర్శకుడు. హీరో అప్పటికింకా కొత్తవాడు, యూసుఫ్ ఖాన్ అనే దిలీప్ కుమార్.

మా డోన్ జంక్షన్‌లో ఒక లైను గుంతకల్లుకి, ఒకటి నంద్యాలకి, ఒకటి కర్నూలు మీదుగా కాచిగూడకి పోతుంది. మా నోళ్ళూ అంతే. బేతంచెర్ల నాపరాళ్ళ బేరం తెలుగులో, ఇంట్లో నక్కో-హౌ దక్కనీ, బళ్ళో కితాబీ ఉర్దూ. అయినా నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేశానంటే కనుబొమ్మలెత్తే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఉర్దూ మీది, తెలుగు మాది అని పంచేసినట్టు మాట్లాడతారు. మన పిల్లలు కూడా అదే నమ్ముతున్నారు, నా బాధ అది. నాయుడు గారి అబ్బాయి ఉర్దూతో రోటీ సంపాదించుకున్నాడు, నేను తెలుగుతో సంపాదించుకుంటున్నాను. హిసాబ్ బరాబర్.

1959లో జైరాజ్ ‘టిప్పు సుల్తాన్’ అయ్యాడు. కడప సీమ 1792లో టిప్పు చేతినుంచి నిజాంకు, 1800లో నిజాం నుంచి కంపెనీకి పోయింది. ఆ టిప్పుకి తెర మీద గొంతిచ్చింది కరీంనగర్ తెలుగువాడని మన పెద్దల్లో ఎంతమందికి చెప్పారో!

ఫాల్కే అవార్డు అందుకున్న తెలుగువాళ్ళెవరని అడిగితే 1974కి మన కడప జిల్లా బి.ఎన్. రెడ్డి, 1982కి ఎల్.వి. ప్రసాద్ అని టక్కున చెబుతారు. మధ్యలో 1980 ఉంది. ఆ ఏడాది అవార్డు జైరాజ్‌ది. 2000 ఆగస్టులో ఆయన ఇంతెఖాల్ అయ్యారు.