కడుపులో బిడ్డకు నరాల దారి చూపేదెవరు?



ఈవేళ మీతో ఒక చరిత్ర ముచ్చటించాలని వచ్చాను. రాజులదీ రాణులదీ కాదు. తల్లి కడుపులో బిడ్డ మెదడు ఎలా అల్లుకుంటుందో మనుషులు తెలుసుకున్న చరిత్ర. పదో తరగతితో చదువు ఆపి, మదనపల్లెలో సంసారం చేసుకునే నాకు ఇదంతా ఎందుకంటారా? కారణం ఉంది, వినండి.

మా పుట్టిల్లు పుంగనూరు. చిన్నప్పుడు మా ఎదురింట్లో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది. చదువులో చురుకైనది. కానీ కుడిచేత్తో ముగ్గు వేస్తుంటే ఎడమచేతి వేళ్లు కూడా అలాగే ఆడేవి. ఆ చేతిలోని ముగ్గుచిప్ప కాస్తా ఒలికిపోయేది. కనకాంబరాలు మాల కట్టబోతే రెండు చేతులూ ఒకే పని చేసేవి. "గ్రహణంనాడు కత్తిపీట ముందు కూర్చున్నావు, అందుకే బిడ్డ ఇలా పుట్టింది" అని వాళ్ల అవ్వ కోడలిని సాధించేది. ఆ తల్లి పైటచెంగుతో కళ్లు ఒత్తుకోవడం నాకింకా గుర్తే. ఆ పిల్ల కుప్పం కోడలయింది. మొన్న ఒక పెళ్లిలో కనిపించి, తన కూతురిదీ అదే తీరనీ, అత్తగారూ అదే గ్రహణం మాట అంటున్నారనీ చెప్పింది. ఒకే నింద రెండు తరాలకు! ఇందులో నిజమెంతో చూద్దామనే ఈ ప్రసంగం.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నరకణాలున్నాయి. వాటి నుంచి సన్నని పోగులు బయలుదేరి, తమ జతకణాలను వెతుక్కుంటూ పోవాలి. 1890లో స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ కోడిపిండాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, పెరిగే పోగు కొసన శంకువు లాంటి మొన ఉంటుందని వర్ణించారు. చీకట్లో మనం గోడ తడుముకుంటూ నడిచినట్టు, ఆ మొన తడుముకుంటూ ముందుకు పోతుంది. మరి దానికి దారి చెప్పేదెవరు?

1940లలో అమెరికాలో రోజర్ స్పెర్రీ కప్పజాతి జీవుల కంటినరం కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి ఉంచారు. ఆ జీవులకు తెగిన నరం మళ్లీ పెరుగుతుంది. అలా పెరిగిన పోగులు కొత్త చోట్లు చూసుకోలేదు, ఎవరి పాత ఇంటికి వాళ్లే చేరాయి! పాపం, ఈగ పైన ఉంటే కప్ప కిందికి ఎగబడేది. దీన్ని బట్టి పోగులకూ, అవి చేరే కణాలకూ రసాయనపు గుర్తులుంటాయని ఆయన 1963లో ప్రతిపాదించారు. కంటినరం విషయంలో అటువంటి గుర్తులు ఎఫ్రిన్లు అనే ప్రోటీన్లని 1995లో బయటపడింది. అవి ఉండేది కణాల పైపొర మీద, ఇంటి గోడకు తగిలించిన బోర్డుల్లాగా.

అంతకు ముందు ఏడాది, 1994లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ టెస్సియే-లవీన్ బృందం సుమారు 25,000 కోడిపిండాల మెదళ్ల నుంచి మరొక ప్రోటీన్‌ను వేరుచేసింది. దానికి ఏం పేరు పెట్టారనుకున్నారు? నెట్రిన్! మన సంస్కృతంలోని 'నేతృ' శబ్దం నుంచి తీసుకున్నారు. నేత అంటే నడిపించేవాడు గదా. నడిమిగీత దగ్గరి కణాలు ఈ నెట్రిన్‌ను స్రవిస్తాయి. పోగు మొన పైపొర మీదుండే డి.సి.సి. అనే ప్రోటీన్ దాన్ని పసిగడుతుంది. నెట్రిన్ కొరవడిన ఎలుకపిల్లల్లో మెదడు కుడి ఎడమలను కలిపే పోగులు సరిగా దాటలేకపోయాయని 1996లో తేలింది.

మదనపల్లె నుంచి కుప్పం పోయే కొత్త మనిషిని తలుచుకోండి. పుంగనూరు, పలమనేరు, వి.కోట అని బోర్డులు చూసుకుంటూ పోవాలి. పలమనేరు మొదట రమ్మని పిలవాలి. చేరాక 'ఇక్కడే కూర్చోకు, ముందుకు పో' అని పంపేయాలి. నరం పోగుకూ అంతే. నడిమిగీత దాకా నెట్రిన్ పిలుస్తుంది, దాటాక స్లిట్ అనే ప్రోటీన్ తరుముతుంది. ఆ మందలింపు వినే చెవి, పోగు పైపొర మీదుండే రోబో అనే ప్రోటీన్.

ఇప్పుడు మన పిల్ల సంగతికి వద్దాం. మెదడు నుంచి చేతులకు దిగే పోగుల్లో ఎక్కువ భాగం నడిమిగీత దాటి అవతలి పక్కకు పోతాయి. అందుకే కుడి మెదడు ఎడమ చేతిని ఏలుతుంది. డి.సి.సి. జన్యువులో లోపముంటే ఆ దాటడం సరిగా జరగక, ఒక చెయ్యి చేసే పనిని రెండోది అద్దంలో బొమ్మలాగా అనుకరిస్తుందని 2010లో కనుగొన్నారు. ఈ లోపం తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. ఉన్నవారందరిలోనూ పైకి కనపడదు. తెలివితేటలకు సాధారణంగా లోటుండదు. తల్లి నుంచే వచ్చిందనుకోండి, ముక్కుతీరు వచ్చినట్టే వచ్చింది. అందులో ఆమె చేసిన నేరమేముంది? కత్తిపీటకూ దీనికీ సంబంధమేముంది?

నిజంగా మనం ఆలోచించవలసినది మరొకటుంది. రోబో-3 అనే జన్యువు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపంతోనే వస్తే, బిడ్డ కళ్లు పక్కలకు తిప్పలేదు, వెన్నెముక వంకరపోతుంది. ఈ సంగతి 2004లో తెలిసింది. మేనరికాల్లో అలా రెండు లోపాలు కలిసే అవకాశం ఎక్కువ. మన సీమలో మేనరికం మాట ఎత్తేముందు గ్రహణం సంగతి కాక, ఇది తలుచుకోవాలి.

పసిపిల్లలకు రెండో చెయ్యి కొంచెం ఆడటం మామూలే. పదేళ్లు దాటినా తగ్గకపోతే నరాల డాక్టరుకు చూపించండి. ఆ చేతిని కట్టివేయకండి, కొట్టకండి. బళ్లో అయ్యవారికి చెప్పి, రాయడానికి కాస్త ఎక్కువ సమయం అడగండి.

కుప్పంలో నా స్నేహితురాలికి ఈ మాటలన్నీ చెప్పాను. "మా అమ్మ ఉన్నప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదే!" అన్నది. మీ వీధిలోనూ అటువంటి తల్లి ఒకతె ఉండవచ్చు. ఆమెకు ఈ చరిత్ర చెప్పండి. ఆమె అత్తగారికి ముందుగా చెప్పండి.

సెలవు.