సిద్ధవటం భాగవతుల గతి, భరతుని కొలత

కడప మండలంలో పెన్నానది ఒడ్డున వెలసిన సిద్ధవటం శ్రీశైల క్షేత్రానికి దక్షిణద్వారంగా భక్తులకు సుపరిచితం. నాట్యచరిత్రలో ఆ పేరు నిలిచింది మాత్రం ఒక దౌష్ట్యం వలన. కాలిన్ మెకంజీ 19వ శతాబ్ది ఆరంభంలో సేకరింపజేసిన స్థానిక వృత్తాంతాలలో మాచుపల్లి కైఫీయత్తు ఒకటి. దాని ప్రకారం సిద్ధవటం సీమను ఏలిన సమ్మెట గురవరాజు ధనం కోసం ప్రజలను, స్త్రీలనైనా విడువక, చిత్రహింసలకు గురిచేసేవాడు. ఆ సీమ మీదుగా సంచరించిన కూచిపూడి భాగవతులు విజయనగరం చేరి, వీరనరసింహరాయల సమక్షంలో ఆ హింసనే అభినయించారు. ఒకరు గురవరాజు వేషం, మరొకరు స్త్రీవేషం ధరించారు, తక్కినవారు భటులైనారు. రాయలు విచారణ జరిపి, సైన్యాన్ని పంపి, ఆ దుష్టుని శిక్షించాడు. ఇది 1502 నాటి ఘటన అంటారు. వీరనరసింహుని పట్టాభిషేకం 1505లో జరిగినదని చరిత్రకారుల నిర్ణయం కనుక ఆ సంవత్సరాన్ని కొంత సందేహంతోనే స్వీకరించాలి.

ఆనాటి వాచికం కన్న వేషధారి నడక మీదనే నా జిజ్ఞాస. భరతముని నాట్యశాస్త్రంలో గతిప్రచారానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఉత్తమ పాత్రల పాదాల నడుమ నాలుగు తాలాల దూరం, మధ్యములకు రెండు, అధములకు ఒకటి. కాలంలోనూ వరుసగా నాలుగు, రెండు, ఒక కళ. తాలమంటే ఇక్కడ లయకు సంబంధించినది కాదు. చాచిన బొటనవ్రేలి నుండి మధ్యవ్రేలి కొన వరకు గల కొలత. నేటి చలనశాస్త్రజ్ఞులు నడకను పరీక్షించేటప్పుడు మొదట కొలిచేవి కూడా అడుగు దూరం, అడుగుకు పట్టే కాలమే!

1973లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ యోహాన్సన్ మనుష్యుల కీళ్లకు చిన్న దీపాలు అమర్చి, చీకటిలో నడిపించి చిత్రీకరించాడు. ముఖం లేదు, ఆహార్యం లేదు, కదిలే బిందువులే. అయినా చూపరులు క్షణమాత్రంలో నడిచే మనిషిని గుర్తించారు. 1996లో డిట్రిచ్ ప్రభృతులు ఇదే పద్ధతిని నృత్యానికి అన్వయించగా, ప్రేక్షకులు బిందువుల కదలికలోనే భయ, క్రోధ, శోకాది భావాలను గ్రహించగలిగారు. ఆంగికాన్ని అభినయాలలో మొదట పేర్కొనడంలోని ఔచిత్యాన్ని ఈ ప్రయోగాలు చక్కగా వివరిస్తాయి.

అయితే ఇక్కడొక చిక్కున్నది. రాయలు గుర్తించవలసినది హింసను మాత్రమే కాదు, హింసకుని కూడా. రాజవేషానికి నాలుగు తాలాల గతి విహితం, చేష్టలు అధమునివి. ఆ భాగవతులు ఏ గతిని ఎన్నుకొని ఉంటారు? రాజగతినే నిలిపి, దాని క్రింద క్రౌర్యాన్ని చూపారని నా ఊహ. దొరతనం చెడకుండా చేసిన హింసే చూచేవారిని ఎక్కువగా కలచివేస్తుంది.

అభినవగుప్తుని మతంలో నాట్యార్థం సాధారణీకృతం. రంగంపై దుష్టుని చూచి సహృదయుడు ఖడ్గం దూయడు. రాయలూ ప్రదర్శన మధ్యలో లేవలేదు. కైఫీయత్తు కథనంలో ముందు నాట్యం, తరువాత విచారణ, ఆ పిమ్మటనే సైన్యం. వేషాన్ని ఆయన సాక్ష్యంగా గ్రహించలేదు. సాక్ష్యం అడుగవలసిన విషయం ఒకటున్నదని మాత్రం దాని వలన గ్రహించాడు.