దూరపు పరుగుకు కొలమానం: రాయలనాటి తేజీల నుంచి మలక్‌పేట పందేల దాకా

వ్యాససంగ్రహం: దూరపు పందేలలో అగ్రస్థానం పొందిన గుర్రాలను ఒకదానితో మరొకటి పోల్చడం పందేల లోకంలో నిత్యం జరిగే చర్చ. ఆ పోలికకు గెలుపుల సంఖ్యను మాత్రమే ఆధారం చేసుకోవడం చారిత్రకంగా నిలవదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. విజయనగరకాలపు గుర్రపు వ్యాపారం, ఇంగ్లండులో జాతిగుర్రం రూపొందిన తీరు, భారతదేశంలో సెంట్ లెజర్ పందేల స్థితి ఇందులో పరిశీలనాంశాలు.

కీలకపదాలు: కంబదూరు, తేజీ, అశ్వశాస్త్రం, వంశావళి, సెంట్ లెజర్, హ్యాండిక్యాప్, మలక్‌పేట.

1. ప్రవేశిక

అనంతపురం జిల్లా కంబదూరు నేడు కరవుకు పేరుమోసిన పీఠభూమిలో ఒక మండలకేంద్రం. నొళంబ శైలిలో నిర్మితమైన మల్లికార్జునాలయం ఆ ఊరి ప్రాచీనతకు సాక్ష్యం. ఈ సీమలో వానలు తక్కువ, పచ్చిమేత తక్కువ, వేరుశనగ పండితే పండినట్టు. గుర్రపు పిల్ల మొదటి రెండేళ్లు మంచి గడ్డి, నీరు, సున్నపుపాలు గల నేల మీద పెరగాలి. ఆ వసతి ఇక్కడ ఏనాడూ విస్తారంగా లేదు. అయినా పెనుకొండ, రాయదుర్గం, కల్యాణదుర్గం కోటల మధ్యనున్న ఈ ప్రాంతపు రాజకీయచరిత్ర అంతా రౌతుల బలంతోనే నడిచింది. గుర్రాన్ని పెంచలేని సీమ గుర్రం మీద ఆధారపడి బతికింది. దూరపు గుర్రాల పోలికను ఈ వైరుధ్యం నుంచి మొదలుపెట్టడం సబబు.

2. తోకకు వెల

విజయనగర చక్రవర్తి ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని 16వ శతాబ్దపు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. వాటిలో హొర్ముజు నుంచి వచ్చినవీ ఉన్నాయి, స్వదేశీవీ ఉన్నాయి. మేలైనవాటిని రాజు తన శాలలకు ఉంచుకొని, నాటుగుర్రాలను వేయి పర్దావులకు అయిదు చొప్పున నాయకులకు అమ్మి, ఆ సొమ్ముతో పోర్చుగీసుల వద్ద అరబ్బీ గుర్రాలు కొనేవాడట. అమరనాయంకరం కింద నిర్ణీతమైన అశ్వబలాన్ని పోషించవలసిన నాయకులకు కొనక తప్పదు. అంటే అది సైనిక వ్యవస్థా, రాజు చేతిలోని వ్యాపారమూ.

సాళువ నరసింహుని గురించి నూనిజ్ చెప్పిన సంగతి ఇంకా విలువైనది. ఆయన వేయి పర్దావులకు మూడు గుర్రాల లెక్కన చచ్చినవాటికి కూడా వెల ఇచ్చేవాడు; సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు. దీనిని రాజు ఉదారతగా చదివేవారున్నారు. నిజానికి అది బీమా. ఓడలో నష్టభయం వర్తకుడిదైతే గుర్రాలు శత్రువుల రేవులకు పోతాయి. దూరదేశాల నుంచి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, మేడలు, కొలువులో గౌరవం ఇచ్చి తనవారిని చేసుకోవాలని, అవి పగవారికి చేరకుండా చూడాలని ఆముక్తమాల్యద రాజనీతి భాగం చెప్పడంలో అంతరార్థం ఇదే.

ఈ వ్యవస్థలో ‘ఓర్పు గల గుర్రం’ అంటే అర్థమేమిటి? ఓడప్రయాణాన్ని, కనుమల ఎక్కుడును, ఎండిన పీఠభూమి మీద దండయాత్రను తట్టుకొని మరుసటేడు కూడా బతికి ఉన్న గుర్రం. ఓర్పుకు ఇక్కడ కొలత మైలు కాదు, ఏడు. కొనేటప్పుడు దానిని ముందుగా పసిగట్టేందుకు అశ్వశాస్త్రం సాధనమైంది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ గ్రంథం ఈ కోవలోనిది. సుడులు, వన్నె, అవయవాల పొందిక చూసి ఫలం చెప్పే ఈ శాస్త్రాన్ని నేటి పాఠకుడు మూఢనమ్మకమని తోసిపుచ్చవచ్చు. కాని ఎదుటి గుర్రం తల్లి ఏదో, తండ్రి ఏదో చెప్పే కాగితం ఏదీ లేని సంతలో కొనుగోలుదారుకు మిగిలేది దాని ఒళ్లు ఒక్కటే.

3. కాగితం తెచ్చిన తేడా

ఇంగ్లండులో థరోబ్రెడ్ జాతికి మూలపురుషులుగా చెప్పే బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ మూడూ తూర్పుదేశాల నుంచి వెళ్లినవే. డార్లీ అరేబియన్‌ను 1704లో అలెప్పోలో కొన్నారు. విజయనగరానికి ఏటా వేలల్లో వచ్చిన తేజీలకు ఇవి దగ్గరి బంధువులే అనాలి. సంఖ్యలో ఇంగ్లండు దిగుమతి విజయనగరంతో పోల్చదగినది కాదు. భేదం మరొకచోట ఉంది. 1791లో జనరల్ స్టడ్ బుక్ వెలువడి, ఏ గుర్రం ఎవరి సంతానమో నమోదైంది. పందెపు ఫలితాలు అంతకుముందు నుంచే అచ్చవుతున్నాయి. ఇక్కడ దిగుమతి అయిన గుర్రాలలో అధికభాగం యుద్ధంలో ఖర్చయింది. దక్కనులో భీమా నదీతీరపు భీమథడి వంటి జాతి మిగిలినా దానికి వంశగ్రంథం లేదు. కాబట్టి రాయలనాటి మేటి గుర్రం ఏదో చెప్పలేకపోవడం గుర్రాల లోపం కాదు, రికార్డు లోపం.

కంబదూరుకు దక్షిణంగా, పావగడ దాటి అదే పీఠభూమి మీద సాగితే వచ్చే తుమకూరు జిల్లా కుణిగల్‌లో గుర్రాల పెంపక కేంద్రం మైసూరు సుల్తానుల కాలం నాటిది. తరువాత అక్కడ పందెపు గుర్రాలను పెంచారు. నీరు, గడ్డి ఉన్నచోట పీఠభూమి కూడా గుర్రాన్ని పెంచగలదని దీనివల్ల తెలుస్తున్నది.

4. గెలుపుల లెక్క, బరువుల లెక్క

రికార్డులున్నచోట కూడా పోలిక సులువు కాదు. 18వ శతాబ్దపు ఎక్లిప్స్ 18 పందేలలో ఓటమి ఎరుగదు. ఆనాటి కింగ్స్ ప్లేట్ పందేలు నాలుగు మైళ్ల ‘హీట్ల’ పద్ధతిలో, ఒకేరోజు ఒకటికి మించి పరుగులతో జరిగేవి. 1776లో డాన్‌కాస్టర్‌లో ఆరంభమైన సెంట్ లెజర్, 1780 నాటి డెర్బీ దూరాన్ని కుదించి, వయస్సును కూడా తగ్గించాయి. 1807లో మొదలైన ఆస్కట్ గోల్డ్ కప్ రెండున్నర మైళ్లు, అంటే సుమారు 4,000 మీటర్లు. ఆ కప్పును యేట్స్ 2006 నుంచి 2009 దాకా వరుసగా నాలుగుసార్లు గెలిచింది. సగారో 1975–77లోను, స్ట్రాడివేరియస్ 2018–20లోను మూడేసి సార్లు గెలిచాయి. ఎక్లిప్స్ నాటి ‘దూరం’ యేట్స్ నాటి దూరం కాదు. ఒకే మాటతో రెంటినీ కొలవడం చరిత్రకారుడు చేయదగిన పని కాదు.

మరొక చిక్కు బరువు. గోల్డ్ కప్‌లో వయస్సును బట్టి బరువు నిర్ణయమవుతుంది. 3,200 మీటర్ల మెల్‌బోర్న్ కప్ హ్యాండిక్యాప్; బాగా గెలిచిన గుర్రం మీద మరింత బరువు వేస్తారు. మాకీబీ దీవా 2003లో 51, 2004లో 55.5, 2005లో 58 కిలోలు మోసి వరుసగా గెలిచింది. ఫార్ లాప్ 1930లో గెలిచి, 1931లో దాదాపు 68 కిలోలతో ఎనిమిదో స్థానానికి పరిమితమైంది. ఈ ఎనిమిదో స్థానం ఓటమిగా పట్టికలో నమోదైనా, ఆ గుర్రం ఎంత గొప్పదని నాటి నిర్వాహకులు భావించారో చెప్పే సాక్ష్యం అదే. గెలుపుల సంఖ్యనే చూసేవారికి ఇది కనపడదు. మూడు కప్పుల మాకీబీ దీవా, నాలుగు కప్పుల యేట్స్‌లలో ఏది మేలంటే, పెరిగే బరువును జయించిన మాకీబీ దీవా వైపే మొగ్గు చూపవలసి వస్తుంది. దూరం ఒక్కటే ప్రశ్న అయితే యేట్స్.

5. భారతీయ సెంట్ లెజర్: అవకాశాలు

భారతదేశంలో ఇండియన్ డెర్బీ 1943లో బొంబాయిలో ఆరంభమైంది. మొదటి విజేత ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అనే ఆడగుర్రం. ఇక్కడ త్రిముకుటానికి ఇంగ్లండులో లేని చిక్కొకటి ఉంది. 2000 గినీస్ డిసెంబరులో, డెర్బీ ఫిబ్రవరిలో ముంబైలో జరుగుతాయి. 2,800 మీటర్ల సెంట్ లెజర్ మాత్రం సెప్టెంబరులో, వానలకు మెత్తబడిన పుణె నేల మీద. డెర్బీ తరువాత ఏడు నెలలు గుర్రాన్ని పదును తగ్గకుండా ఉంచడం సామాన్యమైన పని కాదు. 1973లో పుట్టిన స్క్వాండరర్ ఈ మూడింటినీ గెలిచి, మొత్తం 19 పరుగులలో 18 విజయాలు సాధించింది. ఎక్లిప్స్ లెక్కతో దీని లెక్కను పక్కపక్కన పెట్టడం పందెపు అభిమానులకు ఇష్టమైన వ్యాపకం. పైన చూపిన కారణాలవల్ల అది సరదాకే పనికొస్తుంది.

తెలుగునేలపై పందేలు మౌలాలీలో మొదలై, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలంలో మలక్‌పేటకు మారాయి. నేడక్కడ 2,000 మీటర్ల దక్కన్ డెర్బీకి ఉన్న ఆకర్షణ 2,800 మీటర్ల గోల్కొండ సెంట్ లెజర్‌కు లేదు. జాతీయ ఆహ్వాన పందేలలో 3,000 మీటర్ల స్టేయర్స్ కప్ ఉన్నా, పెంపకందారు దాని కోసం పోతుగుర్రాన్ని ఎంచుకోడు. సొమ్ము డెర్బీ దూరంలోనే ఉంది. 2010లో డబ్లిన్ పరిశోధకులు మయోస్టాటిన్ జన్యువులోని ఒక భేదం గుర్రానికి అనువైన దూరాన్ని సూచిస్తుందని నిరూపించారు. సుడులు చూసిన సాహిణి అడిగిన ప్రశ్నకు ఇప్పుడు రక్తపరీక్ష జవాబు చెబుతోంది. అయితే ఆ జవాబును పెంపకందారులు ఎక్కువగా వాడుకొనేది దూరపు గుర్రాన్ని ఎంచడానికి కాదు, దాన్ని ముందే ఏరివేయడానికి. మలక్‌పేటలో 2,800 మీటర్లకు నిలిచే గుర్రాలు దొరకాలంటే పందెపు బహుమతి పట్టికను ముందు మార్చవలసి ఉంటుంది.