మద్రాసు వెండిలో స్పెయిన్ జాడ

1792లో శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు ఈస్టిండియా కంపెనీ వశమైనప్పుడు, నేటి ధర్మపురి జిల్లాలోని ఈ మహేంద్రమంగళపు ప్రాంతపు శిస్తు కూడ కంపెనీ పద్దులకెక్కినది. నాటి లెక్కలకు ప్రమాణము బంగారు వరహా. వెండి మాత్రము సముద్రము దాటి రావలసి వచ్చెడిది. మన నేతగాండ్ర బట్టలు కొనుటకు కంపెనీ ఓడలలో తెచ్చిన వెండిలో అధిక భాగము స్పెయిన్ డాలర్లే. ఆ వెండి మెక్సికో, పొటోసీ గనులలో పుట్టినది.

మద్రాసు టంకశాల వాటిని కరిగించి స్వంత నాణెములు పోసెడిది. 1807 ప్రాంతమున మాత్రము రెండు రూపాయల నాణెములు కొన్నింటిని, కరిగించు శ్రమ లేకుండ, డాలర్ల మీదనే అచ్చుకొట్టిరి. తొందరపని అనవలెను. ఆ తొందరయే నేడు చరిత్రకారునికి మేలైనది. పారసీ అక్షరముల అడుగున స్పెయిన్ రాజు ముఖరేఖయో, రోమను అక్షరమొకటియో తొంగిచూచును. ఆ కాలపు వెండి అర వరహా మరింత ముచ్చటైనది. ఒకవైపు గోపురము, రెండవవైపు విష్ణుమూర్తి. ఆ మూర్తి చుట్టును తెలుగు, తమిళ లిపులు.

అసలు డాలరును గుర్తించుట కష్టము కాదు. 1732 నుండి 1772 వరకు మెక్సికోలో అచ్చైనవాటిపై రెండు స్తంభములు, వాని నడుమ రెండు భూగోళములు ఉండును. పిమ్మటివానిపై రాజు ముఖము వచ్చినది. నాల్గవ చార్లెసు నాటి మెక్సికో నాణెములపై నాలుగు అంకె తరచు నాలుగు నిలువు గీతలుగా కనబడును. ‘ఎమ్’ అక్షరము నెత్తిన చిన్న సున్న ఉన్నచో అది మెక్సికో టంకశాల గుర్తు. బరువు ఇంచుమించు 27 గ్రాములు. తూకము బాగుగా తగ్గినను, అంచు చుట్టును అతుకు గీత కనబడినను అనుమానింపవలసినదే. చిన్న చిన్న చీనా ముద్రలున్నంత మాత్రమున దొంగ నాణెమని త్రోసివేయరాదు. చీనా వర్తకులు వెండిని పరీక్షించి వేసిన గుర్తులవి.

పాతపెట్టెలో ఇట్టిది దొరికినప్పుడు చింతపండుతో తోముట మన ఇండ్లలో అలవాటు. దానితో పై ముద్రతో పాటు అడుగు ముద్రయు అరిగిపోవును. కంసాలి మూసలో పడినదానికి వెండి ధర తప్ప వేరేమియు మిగులదు. నేలలో దొరికిన నిధి పది రూపాయల విలువ మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. నాణెములను పోల్చి చూడదలచినవారికి మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో పెద్ద నాణెముల సేకరణ కలదు.